ఒకే రక్తానికి రెండు అంకెలు

వదినా మరదళ్ళ మధ్య పేచీ అంటే వంటింటి గురించో, బీరువా తాళాల గురించో అనుకుంటారు ఎవరైనా. ఈ ఇద్దరి మధ్య వచ్చిన పేచీ కుక్కల రక్తం గురించి.

ఇద్దరూ పశువుల ఆసుపత్రి వెనక వైపున్న ల్యాబులో పనిచేసేవారు. వదిన ముందునుంచీ ఉంది. మరదలు చదువు ముగించి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, పెద్ద డాక్టరు చెవిన వేసి ఆమెను ఉద్యోగంలో పెట్టించింది వదినే. ఆ సంగతి వదిన ఎన్నడూ పైకి అనలేదు. అనకపోవడమే పెద్ద ఎత్తిపొడుపు అని మరదలు అనేది.

వాళ్ళు కొలిచేది ఒక ప్రోటీను. జంతువు ఒంట్లో ఎక్కడైనా చీము పట్టినా, గాయం రేగినా లోపల మంట మొదలవుతుంది. ఆ కబురు అందగానే కాలేయం ఈ ప్రోటీనును రక్తంలోకి వదులుతుంది. కుక్క తనకెక్కడ బాధగా ఉందో నోరు తెరిచి చెప్పలేదు. దాని తరఫున ఈ ప్రోటీను చెబుతుంది. ఎక్కువుంటే మంట ఎక్కువ. తగ్గుతూ వస్తే కోలుకుంటున్నట్టు.

కొలవడానికి వదినది పాత పద్ధతి. వరసలు వరసలుగా చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు. గుంటల అడుగున యాంటీబాడీలు అంటించి ఉంటాయి. రక్తం మీద తేరుకున్న సీరాన్ని సెలైన్‌తో పలుచన చేసి గుంటలో వేయాలి. ఆగాలి. కడగాలి. ఇంకో యాంటీబాడీ పోయాలి. మళ్ళీ ఆగి మళ్ళీ కడగాలి. చివర్న రంగునీళ్ళు పోస్తే నీలం తేలుతుంది, ఆ చర్యను ఆపే మందు పడగానే అది పసుపవుతుంది. పసుపు చిక్కదనాన్ని బట్టి అంకె. పొద్దున కూర్చుంటే సాయంత్రం టీ వేళకి తేలే పని. ల్యాబులో అందరూ ఆమెను ప్లేటమ్మ అనేవారు. ఆమె చెయ్యి వణకదని, ఆమె కడిగిన ప్లేటులో ఒక్క బుడగ మిగలదని పేరు.

మరదలిది కొత్త మిషను. బట్టలుతికే మిషనంత ఉంటుంది, దానికన్నా తక్కువ చప్పుడు చేస్తుంది. సీరం గొట్టం పెట్టి మూత వేస్తే, లోపలే యాంటీబాడీల నీళ్ళు కలుపుకుని, ఆ నీళ్ళు ఎంత మబ్బుగా మారాయో వెలుతురు పంపి చూసుకుని, అంకె తెర మీద పడేస్తుంది. కప్పులో టీ చల్లారేలోపు అయిపోతుంది. మరదలు ఆ టీ తాగుతూ వదిన కడగడాలు చూసేది.

"వదినా, ఆ కడిగే నీళ్ళతో మన గిన్నెలు కూడా కడిగేయరాదూ, ఇంట్లో పని తప్పుతుంది."

"గిన్నెలు కడగడం నీ వంతు. ఇక్కడ నేర్చుకుని వెళ్ళి కడుగు."

మాటలు ఇలా నడుస్తున్న రోజుల్లో పెద్ద డాక్టరు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. నెమ్మదస్తుడు. మాట్లాడేముందు కళ్ళజోడు తుడుచుకోవడం అలవాటు. తుడుచుకున్నంతసేపూ ఎదుటివాళ్ళు ఊపిరి బిగబట్టుకోవాల్సిందే.

"రెండు పద్ధతులూ నడపడానికి చోటూ లేదు, మనుషులూ లేరు," అన్నాడు. "ఒక నెల పాటు ఒకే రక్తాన్ని ఇద్దరూ కొలవండి. ఏది నమ్మకంగా చెబుతుంది, ఏది తొందరగా చెబుతుంది, రెండూ చూస్తాను. చూసి ఒకటే ఉంచుతాను."

గొట్టాల మీద జంతువు పేరుండదు, కోడు మాత్రమే ఉంటుంది. ఏ కోడు ఎవరిదో పెద్ద డాక్టరుకి తప్ప తెలియదు. ఒకరి అంకె ఒకరు చూడకూడదు, ఒకరితో ఒకరు అనుకోకూడదు. అవతలివాళ్ళకి ఎంత వచ్చిందో తెలిస్తే తన అంకెను అటువైపు నెట్టాలనో, ఇటు లాగాలనో మనిషికి తెలియకుండానే అనిపిస్తుందని ఆయన వాదన. అప్పటిదాకా ఆసుపత్రికి వెళ్ళేది మిషను అంకే, అది త్వరగా వస్తుంది కనుక.

"మీరిద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. నాకున్న భయం అదొక్కటే," అన్నాడాయన.

"మా ఇంట్లో మాటలు తక్కువ సార్," అంది మరదలు.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచి."

మిషను నెగ్గితే వదినను గొట్టాలు అందుకునే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. ఆ మాట ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేదు, ఆ కిటికీ ఖాళీగా ఉంది.

ఆ నెల ఇంట్లో భోజనాల బల్ల చూడవలసిందే. వదిన భర్త ఉద్యోగం రీత్యా ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. బల్ల చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు, బల్ల కింద ఒక కుక్క. ఇల్లు అత్తగారిది. కుక్క కూడా అత్తగారిదే.

"ఇవాళ ఎలా జరిగింది వదినా?" అనేది మరదలు.

"ఏది?"

"ఏదీ లేదు. ఆ రొట్టె ఇటు జరుపు."

"నువ్వే జరుపుకో. నేను జరిపితే సాయం చేసినట్టవుతుంది, సాయం చేస్తే పోలిక చెడుతుంది."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. "ఏం పోలికే తల్లీ, పొద్దుటినుంచీ మీ ఇద్దరి మొహాలూ మాడిపోయిన బాణలుల్లా ఉన్నాయి. ఆ పోలిక ఒక్కటి మాత్రం నాకు తేలింది."

కుక్క పేరు దొరసాని. వయసు మీద పడింది. ఇంట్లో ఉన్న ఒక్క సోఫా దానిది. ఎవరైనా కూర్చోబోతే కళ్ళు సగం తెరిచి చూసేది, వాళ్ళే లేచిపోయేవారు. అత్తగారు పొద్దున లేచి ముందు దానితో మాట్లాడి, తర్వాత మనుషులతో మాట్లాడేది.

నెల సగమయ్యే వేళకి దొరసాని అదేపనిగా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. తిండి ముట్టడం మానేసింది. ఆసుపత్రికి తీసుకెళితే గర్భసంచి నిండా చీము పట్టిందన్నారు. సర్జను కుర్రవాడే, హస్తవాసి మంచిది. ఆ రోజే పొట్ట కోసి సంచి తీసేశాడు. ఈ వయసులో ఒక ఆపరేషనుకి తట్టుకోవడమే గొప్ప అన్నాడు. ఇంకోసారి మత్తు ఇవ్వాల్సి వస్తే మాత్రం తాను హామీ ఇవ్వలేనన్నాడు.

అత్తగారు రోజూ పొద్దున్నే వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చునేది. రోజూ దొరసాని రక్తం తీసేవారు. అదీ ఒక కోడు తగిలించుకుని ల్యాబుకి వచ్చేది. ఆ గొట్టాల్లో ఏది దొరసానిదో వదినకీ తెలియదు, మరదలికీ తెలియదు. ఇద్దరూ ఒక్క క్షణం ఎక్కువసేపు ప్రతి గొట్టం వంకా చూసేవారు, అంతే.

ఒకనాటి సాయంత్రం అత్తగారు ఉత్సాహంగా ఇంటికొచ్చింది. వస్తూనే సోఫా మీది దుప్పటి తీసి దులిపింది.

"రేపు పొద్దున పదింటికి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు సర్జను," అంది కూర వడ్డిస్తూ. "మంట తగ్గిపోయిందట. నిన్నటి అంకె మీద సగానికి సగం పడిపోయిందట ఇవాళ."

"అమ్మా!" మరదలు చెంచా కింద పెట్టేసింది. "వదిన ముందు అంకెలు చెప్పకు."

"ఏం, వదిన పరాయిదా?"

"పరాయిది కాదు, ప్లేటు."

"నా కుక్క రక్తం, నా అంకె. కావాలంటే మీ పెద్ద డాక్టర్ని వచ్చి నా నోటికి తాళం వెయ్యమను." అత్తగారు కోడలి వైపు తిరిగింది. "ఏమ్మా, నువ్వేం అనవు? సంతోషం లేదా నీకు?"

"దొరసాని ఏమైనా తిన్నదా అత్తయ్యా?" అంది వదిన.

"లేదు. ఆ మందుల వాసనలో ఎవరికి తినబుద్ధవుతుంది? ఇంటికొస్తే అదే తింటుంది."

వదిన తల వంచుకుని కంచంలోకి చూసింది. ఆమెకి కనిపిస్తున్నది కంచం కాదు, ఆ రోజు ప్లేటు. ఆసుపత్రి నుంచి వచ్చినవి కొన్నే గొట్టాలు. వాటిలో చాలావాటికి పసుపు తేలీ తేలనట్టుంది, అంటే ఆరోగ్యంగా ఉన్నవే. ఒక్కటి మాత్రం ప్లేటు చెప్పగలిగిన హద్దు దాటిపోయింది. హద్దు దాటే రకాలుంటాయని ప్రతి సీరాన్నీ ఒకదాన్ని మించి ఒకటి పలుచన చేసి పక్కపక్క గుంటల్లో వేయడం ఆమె అలవాటు. అన్నిటికన్నా పలుచనైన గుంటలో దొరికింది ఆ ఒక్కదాని అసలు అంకె. అంత పెద్ద అంకె ఆమె చేతుల మీదుగా ఎప్పుడోగాని రాలేదు. ఇక సగానికి పడిపోయిన అంకె, ఎక్కువకీ తక్కువకీ నడుమ ఉండాల్సిన అంకె, ఆ రోజు ప్లేటు మీద ఏ గుంటలోనూ లేదు.

అంటే సర్జను చెప్పిన అంకె, తన అంకె ఒకే రక్తానివైతే, రెంటిలో ఒకటి తప్పు.

ఆమె వెంటనే ఏమీ అనలేకపోయింది. నియమం ఒకటే కాదు అడ్డం. మిషను తప్పు చెప్పాలని ఈ నెలంతా తను లోలోపల కోరుకుంటూనే ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుసు. ఇప్పుడు మిషను తప్పని తనే లేచి అంటే, అది కంటితో చూసి అన్నట్టా, కోరుకుని అన్నట్టా? తన చెయ్యే తప్పి, పలుచన లెక్కలో పొరపాటు చేసి ఉంటే? ఆ మాట పట్టుకుని సర్జను మళ్ళీ పొట్ట కోస్తే, ఊరికే కోసిన కోతకి దొరసాని పోతుంది. చెప్పకుండా ఊరుకుని, తన అంకే నిజమైతే, సోఫా మీద దుప్పటి కప్పుకుని పోతుంది.

మరునాడు పొద్దున ఇద్దరూ ఎప్పటిలాగే ఒకే బస్సెక్కారు. అత్తగారు ఇంకా బయల్దేరలేదు, కుక్కకి కొత్త మెడపట్టీ కొనాలని దుకాణం తెరిచేదాకా ఆగింది. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ప్లేటు మళ్ళీ వేసి చూసుకోవాలంటే సాయంత్రం అవుతుంది. పదింటికి కుక్క ఇంటికి వెళ్ళిపోతుంది. అంతలో తేల్చగలిగింది ఒక్క మిషనే. ఎటు ఆలోచించినా వదినకి తేలింది అదే.

"నిన్నటి గొట్టాల్లో మిగిలిన సీరం ఫ్రిజ్‌లో ఉందిగా," అంది వదిన. "ఒక్కోటీ పది వంతులు పలుచన చేసి నీ మిషనులో మళ్ళీ ఒకసారి వేస్తావా?"

"ఎందుకూ?"

"అడక్కు."

"బాగుంది. అడక్కుండా ఎలా వేస్తారు?"

"నువ్వడిగితే నేను చెప్పాలి. చెబితే నియమం తప్పినట్టు."

మరదలు కిటికీ వైపు తిరిగింది. "అంటే నా అంకె తప్పని నీ అంకె చెబుతోందన్నమాట."

"నేనేమీ చెప్పలేదు."

"నీ మొహం చెబుతోంది. నిన్న రాత్రి అమ్మ నోరు జారినప్పట్నుంచీ చూస్తున్నాను. నీకు కూర కూడా దిగలేదు." మరదలు గొంతు తగ్గించింది, ముందు సీటులో వాళ్ళు వింటున్నారని. "మిషను పోతే నీ కుర్చీ నీకు దక్కుతుంది. అంతేగా వదినా?"

వదినకి చెంప మీద కొట్టినట్టే అయింది. అయినా గొంతు పెంచలేదు.

"అవును, అది కూడా ఉంది. లేదని ఎందుకంటాను? అందుకే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, సర్జను దగ్గరికి వెళ్ళలేదు. నీ దగ్గరికి వచ్చాను. నీ మిషను, నీ చెయ్యి. నేను ఆ గదిలోకి కూడా రాను. అంకె మారకపోతే నన్ను జీవితాంతం దెప్పు."

"జీవితాంతమా?"

"నేను కిటికీ దగ్గర కూర్చున్న ప్రతి రోజూ, వచ్చి గొట్టం అందిస్తూ దెప్పు."

మరదలు ఆ మాటకి నవ్వలేదు గాని, బస్సు దిగాక వదిన కంటే ముందు నడిచింది. సంచీ బల్ల మీద పడేసి, తెల్ల కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా ఫ్రిజ్ తలుపు తీసింది.

వదిన నడవలో అద్దాల గోడకి ఇవతల నిలబడింది. లోపల మరదలు పిపెట్ పట్టుకుని ఒక వంతు సీరానికి తొమ్మిది వంతుల సెలైన్ కలుపుతోంది. విసుగు మొహంలో ఉన్నా, చేతిలో లేదు. చేతులు శుభ్రంగా, తొందరపడకుండా పనిచేస్తున్నాయి. ఆ పని తనే నేర్పింది ఆ పిల్లకి. అది గుర్తొచ్చి వదినకి సంతోషమేమీ కలగలేదు, కుదురుగా నిలబడగలిగింది, అంతే.

మొదటి గొట్టం అంకెను పదితో హెచ్చిస్తే నిన్నటి అంకె దగ్గరికే వచ్చింది. రెండోదీ అంతే. మరదలు అద్దంలోంచి వదిన వంక చూసి కనుబొమలెత్తింది. మూడోదీ అంతే. ఆ తర్వాతి గొట్టం దగ్గర ఆమె తెర వంకే చూస్తూ ఉండిపోయింది. కాగితం మీద ఏదో గీసింది. మళ్ళీ అదే గొట్టం నుంచి కొత్తగా కలిపి, మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే వచ్చింది. నిన్న సగంగా కనిపించిన అంకె, పలుచన చేసి హెచ్చిస్తే నిన్నటికి ఎన్నో రెట్లయి కూర్చుంది.

ఇది ఎలా జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. యాంటీబాడీకి రెండు చేతులు. ప్రోటీను తగుమాత్రంగా ఉంటే ఒక్కో యాంటీబాడీ రెండు చేతులతో రెండింటిని పట్టుకుంటుంది, వాటిని ఇంకోటి పట్టుకుంటుంది, పిల్లలు చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టినట్టు కలిసిపోతాయి. ఆ గొలుసుల వల్లే నీళ్ళు మబ్బుగా మారతాయి. ప్రోటీను మితిమీరి ఉంటే మాత్రం ప్రతి యాంటీబాడీ రెండు చేతులూ ముందే నిండిపోతాయి. అవతల పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి దొరకదు. గొలుసు కుదరదు. నీళ్ళు తేటగా ఉండిపోతాయి. తేట నీళ్ళు చూసి మిషను, మంట తగ్గింది అంటుంది.

మిషను చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. దానికోసమే లోపల ఒక ఏర్పాటుంది. అంకె తేలాక ఇంకొంచెం యాంటీబాడీ పోసి, మబ్బు పెరిగితే గంట కొట్టి, పలుచన చేసి మళ్ళీ వెయ్యమంటుంది.

మరదలు తలుపు తీసుకుని నడవలోకి వచ్చింది.

"ఆ రెండో పోతను నేనే ఆపేశాను వదినా," అంది. "ప్రతి గొట్టానికీ కాసేపు ఎక్కువ పడుతోంది. తొందరగా చెప్పేది ఏదో కూడా చూస్తానన్నాడుగా ఆయన. గంట ఎలాగూ ఎప్పుడో గాని మోగదు కదా అని…"

"ఆ కోడు ఎవరిదో ముందు చూడాలి," అంది వదిన. "పద."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తుడుచుకోబోయాడు.

"సార్, తర్వాత తుడుచుకోండి," అంది వదిన. ఆ ల్యాబులో ఆయనతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే అయి ఉంటుంది. ఆయన కళ్ళజోడు అలాగే పెట్టుకున్నాడు. మరదలు కాగితం ఆయన ముందుంచి, రెండో పోతను ఆపేసిన సంగతి ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన కంప్యూటరులో కోడు వెతికాడు.

"మీ ఇంటి కుక్కే," అన్నాడు.

ఫోను తీసి సర్జనుతో మాట్లాడాడు. పంపించకు, ఆపు, అన్నాడు. అంకె చెప్పాడు. అవతల సర్జను రెండోసారి అడిగినట్టున్నాడు, మళ్ళీ చెప్పాడు. ఫోను పెట్టేసి ఇద్దరి వంకా చూశాడు.

"నీ అంకె కూడా ఇంతేనా?" అని వదినను అడిగాడు.

"ఇంచుమించు ఇంతే సార్."

"నువ్వేమైనా మార్చావా? ఈ నెల కోసమని?"

వదిన అబద్ధం ఆడేది కాదు, కానీ అడగకపోతే చెప్పి ఉండేది కూడా కాదు. "మామూలుగా ఒక్కో పలుచనకి రెండేసి గుంటలు వేస్తాను. ఈ నెల మూడేసి వేశాను. ఒకటి తేడాగా వస్తే వదిలెయ్యొచ్చని. అంకెలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయని."

పెద్ద డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వేమో తొందర చూపించావు. నువ్వేమో నిలకడ చూపించావు. మరి నేను ఈ నెలంతా పోల్చింది దేన్నమ్మా?"

సమాధానం కోసం ఆయన ఆగలేదు, ముందు ఆసుపత్రి వైపు వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వాళ్ళు వెళ్ళేసరికి అత్తగారు వరండాలో నిలబడి ఉంది. కొత్త పట్టీ చేతిలోనే ఉంది. దొరసానిని సర్జను మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి పొట్ట తడిమి చూస్తున్నాడు. స్కానులో, గర్భసంచి తీసి ముడివేసిన చోట ఏదో నీడలా కనిపిస్తోంది, అది వాపో చీమో తేలడం లేదు.

"సగానికి పడిపోయిందన్నావు కదా నిన్న!" అంది అత్తగారు.

"అన్నానండి."

"ఇవాళ పొద్దున పదింతలైందా?"

"లేదండి. నిన్నే అంత ఉంది. మాకు తెలిసింది ఇవాళ."

అత్తగారు కూతురి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. అప్పుడామెకి అర్థమైంది, నిన్న రాత్రి బల్ల దగ్గర కోడలు తల వంచుకుని కూర్చున్నది ఎందుకో. సర్జను వైపు తిరిగి, "తెరువు నాయనా," అంది. "ఇంటికి తీసుకెళ్ళి చూస్తూ కూర్చోలేను."

మధ్యాహ్నం దాకా పట్టింది. వదినా మరదళ్ళు పనికి వెళ్ళలేదు. బెంచీకి ఒక చివర అత్తగారు, రెండో చివర వీళ్ళిద్దరూ. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు ఖాళీ. ఎవరో పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చి ఆ ఖాళీలో కూర్చుని, ఇటు చూసి అటు చూసి, లేచి పక్కన నిలబడ్డారు.

సర్జను బయటికి వచ్చి, ముడి వెనక నిమ్మకాయంత చీముగడ్డ ఉందన్నాడు. తీసి కడిగానన్నాడు. మత్తులో ఒకసారి గుండె నెమ్మదించిందనీ, మళ్ళీ అందుకుందనీ చెప్పాడు. రేపు బతికుంటే బతికినట్టే అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి ఉంటే అని ఏదో మొదలుపెట్టి, అత్తగారి మొహం చూసి ఆపేశాడు.

దొరసాని బతికింది. కొన్నాళ్ళకి ఇంటికి వచ్చి, పొట్టకి కట్టుతో, ఎప్పటికన్నా ఎక్కువ అధికారంగా సోఫా మీద పడుకుంది.

అత్తగారు ఇద్దరితోనూ మాట మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు, ఇంట్లో పనులు నడవాలి కదా. ఏం చెప్పాలన్నా కుక్కకి చెప్పేది.

"దొరసానీ, మీ వదినగారిని అడుగు, పాలు తెచ్చిందో లేదో."

వదిన కుక్కకే సమాధానం చెప్పేది. "తెచ్చానని చెప్పు."

"మీ అక్కయ్యగారికి చెప్పు, గిన్నెలు కడగడం ఆవిడ వంతని."

"కడుగుతున్నానని చెప్పు," అనేది మరదలు వంటింట్లోంచి.

దొరసాని ఎవరి మాటా ఎవరికీ చేరవేయలేదు. ఒక రోజు మరదలు ఉండబట్టలేక, "అమ్మా, ఎంతకాలం ఇలా?" అంది. అత్తగారు కుక్క చెవి నిమురుతూ చెప్పింది. "నా ఇంట్లో ఇద్దరు కూర్చుని నా కుక్క రక్తం కొలిచారు. ఒకత్తి తప్పు కొలిచి చెప్పింది. ఒకత్తి సరిగ్గా కొలిచి చెప్పలేదు. ఈ రెంటిలో ఏది ఎక్కువ తప్పో నాకు తేలడం లేదు దొరసానీ. తేలాక మాట్లాడతానని చెప్పు."

వదిన ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తనకీ తేలలేదు.

ల్యాబులో పెద్ద డాక్టరు పాత నెల లెక్క మొత్తం పక్కన పడేశాడు. మళ్ళీ మొదటినుంచి మొదలన్నాడు. "రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. ఫొటో దిగడానికి కూర్చున్నట్టు కాదు. రెండేసి గుంటలు. రెండో పోత ఉండాలి. ప్రమాదంగా కనిపించిన అంకె ఎవరికి వచ్చినా, నియమం పక్కన పెట్టి వెంటనే నా దగ్గరికి రావాలి." ఆఖర్న ఇంకొకటి కలిపాడు. "మీ ఇంటి కుక్క ఈసారి లెక్కలో ఉండదు. దాని గొట్టం మీద పేరే రాయండి, కోడు వద్దు."

ఏ పద్ధతి నెగ్గుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. ఇన్నాళ్ళూ అటువైపు చూడకుండా నడిచిన వదిన, ఇప్పుడు మామూలుగానే నడుస్తోంది.

కట్టు మార్చడానికి వెళ్ళినప్పుడల్లా దొరసాని రక్తం తీసేవారు. ఇద్దరూ కొలిచేవారు. లెక్కలో లేదు కనుక ఒకరికొకరు చెప్పుకోవచ్చు. అయినా మొదట కొన్నిసార్లు చెప్పుకోలేదు, అలవాటు తప్పి.

ఒక సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు సోఫా వైపు తిరిగి, "అడగవే, ఇవాళ ఎంత వచ్చిందో," అంది.

వదిన అంకె చెప్పింది. ఆ వెంటనే మరదలు తన అంకె చెప్పింది. రెండూ ఒకటి కావు. వదినది కొంచెం ఎక్కువ.

అత్తగారికి ఒళ్ళు మండింది. "మళ్ళీనా?"

"అది తప్పు కాదమ్మా," అంది మరదలు. "నాది ఎప్పుడూ వదిన దానికన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. ఏ కుక్కకైనా అంతే. మొన్న నాది ఇంతకన్నా ఎక్కువుంది, ఇవాళ తగ్గింది. వదినది కూడా మొన్నటి మీద తగ్గింది."

"నిజమేనా?" అంది అత్తగారు. కుక్క వైపు చూడలేదు.

"నిజమే అత్తయ్యా. నాకూ తగ్గింది."

అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. సోఫా మీద దొరసాని ఒళ్ళు విరుచుకుని, కిందికి దిగాలా వద్దా అని ఆలోచించి, దిగి, వచ్చి బల్ల కింద పడుకుంది.

"ఎక్కువైనా, తక్కువైనా, నియమమున్నా, లేకపోయినా," అంది అత్తగారు, "ఇకనుంచి రెండూ చెప్పాలి నాకు. ప్రతిసారీ. మీరిద్దరూ."

"చెబుతాం," అన్నారిద్దరూ.

"కూర వడ్డించుకోండి, చల్లారిపోతోంది."

మరదలు గిన్నె అందుకుని, ముందు వదిన కంచంలో వేసింది.